గేమింగ్‌కు హై రిజల్యూషన్ మానిటర్ ఎంచుకోవడం: కార్డు నుంచి కేబుల్ దాకా

గేమింగ్ మానిటర్ కొనేటప్పుడు మన కళ్లు ముందు స్క్రీన్ సైజు మీదకీ, 4కె అనే అక్షరాల మీదకీ పోతాయి. గ్రాఫిక్స్ కార్డు సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. ఈ వరస తిరగబడాలి. ముందు కార్డు, తర్వాత మీరు ఆడే గేమ్‌లు, ఆ తర్వాత కంటికీ స్క్రీన్‌కీ మధ్య దూరం చూసుకోవాలి. ఈ మూడూ తేలితే దొరికే మోడళ్లలో మీకు పనికొచ్చేవి గుప్పెడే మిగులుతాయి. కార్డులు రెండు మారినా మానిటర్ అదే బల్ల మీద ఉంటుంది కాబట్టి, ఈ లెక్కలకు ఒక సాయంత్రం కేటాయించినా నష్టం లేదు.

1. కార్డు ఎంత మోయగలదో కొనకముందే పరీక్షించండి

1080పి (1920×1080) స్క్రీన్ మీద దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటాయి. 1440పి (2560×1440)లో 36.9 లక్షలు. 3440×1440 అల్ట్రావైడ్‌లో 49.5 లక్షలు. 4కె (3840×2160)లో 82.9 లక్షలు. అంటే 4కె అనేది 1080పికి సరిగ్గా నాలుగు రెట్లు, 1440పికి రెండుంబావు రెట్లు. పిక్సెల్స్ నాలుగు రెట్లయితే ఫ్రేమ్ రేట్ (కార్డు సెకనుకు గీసే బొమ్మల సంఖ్య) కచ్చితంగా నాలుగో వంతుకు పడిపోదు, ఎందుకంటే గేమ్‌లో కొంత పనికి పిక్సెల్స్‌తో సంబంధం ఉండదు. కానీ భారీ గేమ్‌లలో దెబ్బ గట్టిగానే తగులుతుంది.

దీన్ని ఊహించుకోనక్కర్లేదు. ఇప్పుడున్న మానిటర్ మీదే పరీక్షించవచ్చు. ఎన్విడియా డ్రైవర్లో డీఎస్ఆర్ అని, ఏఎండీ డ్రైవర్లో వర్చువల్ సూపర్ రిజల్యూషన్ అని ఒక సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేస్తే గేమ్ సెట్టింగ్స్‌లో మీ స్క్రీన్ కన్నా పెద్ద రిజల్యూషన్లు కనిపిస్తాయి. 1080పి మానిటర్ ఉన్నా కార్డు చేత 4కెలో బొమ్మ గీయించవచ్చు. కార్డే దాన్ని కుదించి స్క్రీన్‌కు పంపిస్తుంది, కానీ కార్డు మీద పడే భారం దాదాపు అసలు 4కె భారమే. మీరు ఎక్కువగా ఆడే మూడు నాలుగు గేమ్‌లను ఇలా నడిపి, సగటు ఫ్రేమ్ రేట్‌తో పాటు అట్టడుగు 1 శాతం ఫ్రేమ్‌ల వేగం కూడా రాసుకోండి. సగటు 80 ఉండి అట్టడుగు 35కి పడిపోతుంటే ఆటలో అందేది కుదుపులే. కార్డు మెమరీ ఎంత నిండుతోందో కూడా గమనించండి. 8 జీబీ కార్డులు 4కెలో చాలాసార్లు చేతులెత్తేసేది అక్కడే.

ఈ పరీక్ష అప్‌స్కేలింగ్ ఆన్ చేసి కూడా చేయాలి. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ లాంటివి తక్కువ పిక్సెల్స్‌తో బొమ్మ గీసి దాన్ని పెద్దది చేస్తాయి. 4కె మానిటర్ మీద క్వాలిటీ మోడ్ పెడితే కార్డు లోపల గీసేది 2560×1440. పెర్ఫార్మెన్స్ మోడ్ అయితే 1920×1080. అదే 1440పి మానిటర్ మీద క్వాలిటీ మోడ్ అంటే లోపల దాదాపు 1707×960 మాత్రమే. ముడిసరుకు ఎంత ఎక్కువుంటే ఫలితం అంత బాగుంటుంది కాబట్టి అప్‌స్కేలింగ్ 4కెలోనే ఎక్కువ అందంగా కనిపిస్తుంది. కార్డు సొంతంగా 4కె లాగలేకపోయినా 4కె మానిటర్ ఆలోచనను అప్పుడే కొట్టేయకండి అనడానికి కారణం ఇదే.

నేను పెట్టుకున్న గీత ఇది: క్వాలిటీ మోడ్‌లో, ఫ్రేమ్ జనరేషన్ లేకుండా, మీ గేమ్‌లు 4కెలో నిలకడగా 60 దాటితే 4కె వైపు చూడండి. దాటకపోతే 1440పి తీసుకోండి. ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చే అంకెను ఈ లెక్కలో కలపకూడదు. అది మధ్యలో ఫ్రేమ్‌లను పుట్టించి కదలికను నున్నగా చేస్తుంది కానీ మౌస్ కదిపిన దానికి స్పందన మాత్రం వేగం కాదు.

2. కదలికలో రిజల్యూషన్ ఏమవుతుందో అర్థం చేసుకోండి

మానిటర్ ఎంపికలో అందరూ దాటేసే విషయం ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ఎల్‌సీడీ అయినా ఓలెడ్ అయినా ఒక ఫ్రేమ్‌ను చూపించాక, తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా దాన్ని కదలకుండా అలాగే పట్టి ఉంచుతుంది. మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట ఆగకుండా జారుతూ ఉంటుంది. బొమ్మ నిలబడి, కన్ను కదిలితే రెటీనా మీద ఆ బొమ్మ సాగినట్టు పడుతుంది. ప్యానెల్ ఎంత వేగమైనదైనా ఈ మసక తప్పదు. దీన్ని తగ్గించే ప్రధాన మార్గం ఫ్రేమ్‌లను ఎక్కువ చేయడమే.

లెక్క సులువు. ఒక వస్తువు 4కె స్క్రీన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సెకనులో దాటిందనుకోండి. అంటే సెకనుకు 3840 పిక్సెల్స్. 60 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చడం) దగ్గర ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఆ లోగా కన్ను 64 పిక్సెల్స్ జరుగుతుంది. మసక వెడల్పు 64 పిక్సెల్స్ అన్నమాట. 120 హెర్ట్జ్‌లో అది 32, 240 హెర్ట్జ్‌లో 16. ఇప్పుడు అదే సైజు 1440పి స్క్రీన్ 240 హెర్ట్జ్‌లో నడిస్తే మసక దాదాపు 11 పిక్సెల్స్. ఆ పిక్సెల్స్ కాస్త పెద్దవే, అయినా కొలిచి చూస్తే 4కె 60 హెర్ట్జ్ మసకలో నాలుగో వంతే.

అంటే కెమెరా గబుక్కున తిప్పినప్పుడు, కారు మలుపు తిరిగినప్పుడు, శత్రువు పరిగెత్తినప్పుడు 4కె 60 హెర్ట్జ్ మానిటర్ కన్నా 1440పి 240 హెర్ట్జ్ మానిటర్ మీదే వివరం ఎక్కువ కనబడుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఆ 82.9 లక్షల పిక్సెల్స్ బొమ్మ నిలిచి ఉన్నప్పుడే పూర్తిగా పనిచేస్తాయి. అందుకే గేమింగ్ కోసం 4కె 60 హెర్ట్జ్ మానిటర్ కొనవద్దని గట్టిగా చెబుతాను. కనీసం 120 లేదా 144 హెర్ట్జ్ ఉండాలి. ఒక షరతు మరవకండి: స్క్రీన్ 240 హెర్ట్జ్ అయినా కార్డు 70 ఫ్రేమ్‌లే ఇస్తే మసక 70 ఫ్రేమ్‌లదే ఉంటుంది.

దీని పక్కనే రెస్పాన్స్ టైమ్ అనే అంకె ఉంటుంది. పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారే సమయం అది. పెట్టె మీద రాసే 1 మిల్లీసెకను చాలాసార్లు ఓవర్‌డ్రైవ్‌ను చివరి స్థాయికి తిప్పినప్పుడు వచ్చేది. ఓవర్‌డ్రైవ్ అంటే పిక్సెల్ రంగును త్వరగా మార్చే మానిటర్ సెట్టింగ్. ఆ స్థాయిలో ఆడితే కదిలే వస్తువుల వెనక తెల్లటి అంచులు కనిపిస్తాయి. ఎంపీఆర్‌టీ అని రాసి ఉంటే అది వేరే కొలత, బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించే మోడ్‌లో తీసినది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఈ విషయంలో తయారీదారు అంకెను వదిలేసి, కెమెరాతో కొలిచి పెట్టే స్వతంత్ర సమీక్షలనే నమ్మండి.

3. మీరు ఆడేది ఏమిటి?

పోటీ షూటర్లే మీ లోకమైతే 27 అంగుళాల 1440పి, 240 హెర్ట్జ్ లేదా అంతకు మించి తీసుకోండి. ఇక్కడ నాకు సందేహం లేదు. కథ నడిచే పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌లు, స్ట్రాటజీ గేమ్‌లు ఎక్కువ ఆడేవాళ్లకు 4కె నిజంగా ఆనందం ఇస్తుంది. దూరంగా ఉన్న చెట్ల ఆకులు, కరెంటు తీగలు, చిన్న అక్షరాలు మినుకుమినుకుమనకుండా నిలకడగా ఉంటాయి. రేసింగ్, ఫ్లైట్ సిమ్యులేటర్లకు అల్ట్రావైడ్ బాగుంటుంది. కాకపోతే కొన్ని గేమ్‌లు ఆ ఆకారానికి మద్దతు ఇవ్వవు, అప్పుడు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి.

రెండు రకాల ఆటలూ సమానంగా ఆడేవాళ్ల కోసం డ్యూయల్ మోడ్ మానిటర్లు ఉన్నాయి. ఒక మీట నొక్కితే 4కె 240 హెర్ట్జ్ నుంచి 1080పి 480 హెర్ట్జ్‌కు మారతాయి. 4కెకి 1080పి రెండు దిశల్లోనూ సరిగ్గా సగం కాబట్టి ఈ జత కుదిరింది. పెద్ద స్క్రీన్ మీద 1080పి మొరటుగానే కనిపిస్తుంది, కానీ పోటీ ఆటలో అది పెద్దగా పట్టించుకోరు.

ప్లేస్టేషన్ 5 లేదా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా ఇదే మానిటర్‌కు కలపాలంటే 4కె 120 హెర్ట్జ్‌ను తీసుకోగల హెచ్‌డీఎంఐ 2.1 పోర్ట్ ఉండాలి. అల్ట్రావైడ్ మీద కన్సోల్ బొమ్మ మధ్యలోనే వస్తుంది. ప్లేస్టేషన్ 5కి 2022లో 1440పి మద్దతు వచ్చింది కాబట్టి 1440పి మానిటర్‌తోనూ ఇబ్బంది లేదు.

4. టేపు తీసి దూరం కొలవండి

మామూలుగా ఆడే భంగిమలో కూర్చుని కంటి నుంచి స్క్రీన్ దాకా కొలవండి. మంచి చూపున్న కన్ను దాదాపు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు కోణం దాకా వివరాన్ని విడదీయగలదు. ఆ లెక్కన ఒక్కో స్క్రీన్‌కు, ఎంత దూరం దాటితే పిక్సెల్స్ విడిగా తెలియడం ఆగిపోతుందో చెప్పవచ్చు. 27 అంగుళాల 1440పికి అది దాదాపు 80 సెంటీమీటర్లు. 27 అంగుళాల 4కెకి 54. 32 అంగుళాల 4కెకి 63. 32 అంగుళాల 1440పికి 95.

మీరు 80 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటారనుకోండి. 27 అంగుళాల్లో 1440పికీ 4కెకీ తేడా ఉంటుంది కానీ కార్డు మీద పడే భారానికి తగినంత కాదు. 60 సెంటీమీటర్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇది గోడ కట్టినట్టుండే హద్దు కాదని గుర్తుంచుకోండి. ఏటవాలు గీతల మెట్లు, సన్నటి తీగల మిణుకు ఈ దూరం దాటాక కూడా కంటికి దొరుకుతాయి.

32 అంగుళాల 1440పి మానిటర్ల దగ్గర జాగ్రత్త పడండి. వాటి పిక్సెల్ సాంద్రత అంగుళానికి 92. సరిగ్గా 24 అంగుళాల 1080పికి ఉండేదే. హై రిజల్యూషన్ అని కొన్నవాళ్లకు బల్ల దగ్గర ఆ పదును కనిపించదు. బల్ల మీద ఆడే 4కెకి నా ఓటు 32 అంగుళాలకే. సాంద్రత 138 దాకా వస్తుంది, విండోస్‌లో అక్షరాలు 125 లేదా 150 శాతం పెంచితే చదవడానికి హాయిగా ఉంటుంది. 42 అంగుళాల 4కె టీవీని బల్ల మీద పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. దాని సాంద్రత 105, అంటే 27 అంగుళాల 1440పి కన్నా కాస్త తక్కువే. మూలల్లోని మ్యాప్ చూడాలంటే మెడ తిప్పాలి.

వంపు స్క్రీన్ల మీద రాసే 1000ఆర్, 1800ఆర్ అంకెలు వంపు వ్యాసార్థాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. అల్ట్రావైడ్‌కు వంపు మంచిది. 27 అంగుళాలకు దాని అవసరం లేదు.

5. ప్యానెల్: గది వెలుగు, వాడకం రెండూ చూసి తేల్చుకోండి

ఎల్‌సీడీ రకాల్లో ఐపీఎస్ నమ్మకమైన ఎంపిక. రంగులు బాగుంటాయి, పక్కనుంచి చూసినా మారవు, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. బలహీనత నలుపులో ఉంది. కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి) సుమారు 1000:1 కాబట్టి చీకటి గదిలో నల్లని దృశ్యం బూడిద రంగులో కనిపిస్తుంది, మూలల్లో తెల్లటి మెరుపు తేలుతుంది. మరో ఎల్‌సీడీ రకమైన వీఏలో కాంట్రాస్ట్ 3000:1, అంతకన్నా ఎక్కువ. నలుపు బాగుంటుంది కానీ చాలా మోడళ్లలో ముదురు రంగులు మారేటప్పుడు వెనక నల్లటి చార మిగులుతుంది. చీకటి గుహల్లో తిరిగే గేమ్‌లలో అది చిరాకు పెడుతుంది.

ఓలెడ్‌లో ఒక్కో పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు అంటే నిజమైన నలుపే. రంగు మారే వేగం ఎల్‌సీడీలకు అందనంత. ఆటకోసం మాత్రమే అయితే నేను రెండో ఆలోచన లేకుండా దీన్నే చెబుతాను. కానీ అదే స్క్రీన్ మీద రోజంతా ఆఫీసు పని కూడా చేస్తే మూడు విషయాలు తూకం వేసుకోవాలి. మొదటిది బర్న్-ఇన్. టాస్క్‌బార్ లాంటి కదలని బొమ్మలు ఏళ్ల వాడకంలో నీడలా అచ్చు పడవచ్చు. వారంటీలో బర్న్-ఇన్ అనే మాట స్పష్టంగా ఉందో లేదో చదవండి. రెండోది, సబ్‌పిక్సెల్స్ (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు) అమరిక మామూలు ఎల్‌సీడీలా ఉండకపోవడం వల్ల చాలా ఓలెడ్‌లలో అక్షరాల అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. 4కె సాంద్రతలో ఇది బాగా తగ్గుతుంది, 1440పిలో తెలుస్తుంది. మూడోది వెలుగు. చిన్న మెరుపులు 1000 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దాకా వెళ్లే ఓలెడ్ కూడా స్క్రీన్ మొత్తం తెల్లబడితే 250 నిట్స్ దరిదాపులకు దిగిపోతుంది. కిటికీ వెలుగు పడే గదిలో క్యూడీ-ఓలెడ్ అనే రకంలో నలుపు కాస్త ఊదా ఛాయలోకి కూడా పోతుంది.

ఓలెడ్ వద్దు, కానీ వెలుగూ నలుపూ రెండూ కావాలి అంటే మినీ ఎల్ఈడీ చూడండి. ఎల్‌సీడీ వెనక బ్యాక్‌లైట్‌ను వందల, వేల జోన్లుగా విడదీసి విడివిడిగా వెలిగిస్తారు. జోన్లు తక్కువైతే నల్ల ఆకాశంలో చందమామ చుట్టూ వెలుగు పొగలా అల్లుకుంటుంది.

6. హెచ్‌డీఆర్ ముద్రను చూసి మోసపోకండి

హెచ్‌డీఆర్ అంటే వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను ఎక్కువగా చూపే పద్ధతి. డిస్‌ప్లే ప్రమాణాలు రాసే వీసా (VESA) సంస్థ 2017 చివర్లో డిస్‌ప్లేహెచ్‌డీఆర్ స్థాయిలు తెచ్చింది. అందులో 400 స్థాయికి 400 నిట్స్ వెలుగు చాలు, బ్యాక్‌లైట్‌ను భాగాలుగా మసకబార్చే లోకల్ డిమ్మింగ్ ఉండి తీరాలనే నియమం లేదు. అలాంటి ఐపీఎస్ మీద హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే చాలాసార్లు బొమ్మ పాలిపోయినట్టు కనిపిస్తుంది, ఆఫ్ చేసి ఆడటమే మేలు. ఓలెడ్‌లకు ఇచ్చే ట్రూ బ్లాక్ 400 వేరు. అంకె ఒకటే అయినా నలుపు నిజంగా నలుపు కాబట్టి ఫలితం ఎన్నో రెట్లు మెరుగు. ఎల్‌సీడీ అయితే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 1000తో పాటు వందల జోన్లు ఉంటేనే హెచ్‌డీఆర్ కోసం అదనపు డబ్బు పెట్టండి.

7. పోర్టులు, కేబుల్

హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం 18 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు), పూర్తి రంగులతో 4కె అయితే 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. హెచ్‌డీఎంఐ 2.1 గరిష్ఠంగా 48 జీబీపీఎస్. ఇక్కడ ఒక మెలిక ఉంది. నియమాల ప్రకారం పాత 2.0 సామర్థ్యమే ఉన్న పోర్టును కూడా 2.1 అని పిలవవచ్చు. అందుకే 2.1 అనే అంకె చూసి ఊరుకోకుండా స్పెసిఫికేషన్లలో ఆ పోర్ట్ మీద 4కెలో ఎన్ని హెర్ట్జ్ వస్తుందో వెతకండి.

డిస్‌ప్లేపోర్ట్ 1.4లో డేటాకు మిగిలేది దాదాపు 25.9 జీబీపీఎస్. 8 బిట్ రంగులతో 4కె 120 హెర్ట్జ్ ఇందులో ఇరుకిరుగ్గా పడుతుంది. దాన్ని మించితే డీఎస్‌సీ అనే కుదింపు వాడతారు. దాని గురించి టెన్షన్ పడకండి, ఆడుతూ ఉండగా కంటికి తేడా తెలియదు. డిస్‌ప్లేపోర్ట్ 2.1లో మూడు వేగాలున్నాయి: 40, 54, 80 జీబీపీఎస్. మానిటర్‌కూ కార్డుకూ ఏది ఉందో రెండు పక్కలా సరిచూడాలి. తక్కువది ఏదో అదే మీకు దొరికేది.

కేబుల్ పెట్టెలో వచ్చినదే వాడండి. విడిగా కొంటే హెచ్‌డీఎంఐకి అల్ట్రా హై స్పీడ్ సర్టిఫికేషన్ ఉన్నది తీసుకోండి. అప్పుడప్పుడూ స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి రావడానికి చాలాసార్లు బలహీనమైన కేబులే కారణం.

8. వేరియబుల్ రిఫ్రెష్ రేట్

ఇది లేని మానిటర్‌ను హై రిజల్యూషన్ గేమింగ్‌కు అసలు పరిశీలించకండి. 4కెలో ఫ్రేమ్ రేట్ ఎప్పుడూ ఒకేలా ఉండదు, 95 నుంచి 62కి, మళ్లీ 80కి ఊగుతుంది. స్క్రీన్ కూడా దానితో పాటు తన వేగం మార్చుకుంటేనే బొమ్మ చీలదు, కుదుపు రాదు. ఎన్విడియా జీ-సింక్ 2013లో, ఏఎండీ ఫ్రీసింక్ 2015లో వచ్చాయి. 2019 నుంచి ఎన్విడియా కార్డులు కూడా అడాప్టివ్ సింక్ (ఫ్రీసింక్‌కు ఆధారమైన ప్రమాణం) మానిటర్లతో పనిచేస్తున్నాయి కాబట్టి ఇప్పుడు బ్రాండ్ గొడవ చాలావరకు తీరింది. చూడాల్సింది పరిధి. 48 నుంచి 144 అని ఉంటే మంచిదే. గరిష్ఠం కనిష్ఠానికి రెండు రెట్లకు మించి ఉన్నప్పుడు, ఫ్రేమ్ రేట్ 48 కన్నా కింద పడినా ఒక్కో ఫ్రేమ్‌ను రెండేసి సార్లు చూపించి నెట్టుకొస్తుంది. ఓలెడ్, వీఏ ప్యానెళ్లలో కొన్ని ఫ్రేమ్ రేట్ ఊగినప్పుడు చీకటి దృశ్యాల్లో మిణుకుమంటాయి. సమీక్షల్లో ఈ విషయం వెతికి చూడండి.

స్టాండ్ ఎత్తు మారుతుందో లేదో, లేకపోతే వెనక వేరే స్టాండ్‌కు బిగించుకునే 100×100 మిల్లీమీటర్ల వీసా (VESA) రంధ్రాలైనా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. స్క్రీన్ పై అంచు కంటి మట్టానికో, కాస్త కిందకో రావాలి.

9. ఇంటికి వచ్చాక, వాపసు గడువు దాటకముందే

కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి, మదర్‌బోర్డ్ పోర్ట్‌కు కాదు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో రిఫ్రెష్ రేట్ మార్చండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లోనే నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎందుకంటే విండోస్ చాలాసార్లు తనంతట తాను పెంచదు. వేరియబుల్ రిఫ్రెష్‌ను మానిటర్ మెనూలోనూ డ్రైవర్‌లోనూ రెండు చోట్లా ఆన్ చేయాలి. హెచ్‌డీఎంఐ వాడితే డ్రైవర్‌లో రంగుల పరిధి ఫుల్ అని ఉందో చూడండి. లిమిటెడ్ అని ఉంటే నలుపు వెలిసిపోతుంది.

స్క్రీన్ నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే పెట్టి చచ్చిన పిక్సెల్స్ వెతకండి. నలుపు మీద, దీపాలార్పి, అంచుల నుంచి వెలుగు కారుతోందా చూడండి. నిండు బూడిద రంగు మీద పట్టీలు, మరకలు బయటపడతాయి. కదలికకు టెస్ట్‌యూఎఫ్ఓ అనే ఉచిత సైట్ ఉంది. దాన్ని తెరిచి ఓవర్‌డ్రైవ్‌ను ఒక్కో స్థాయికి మారుస్తూ, వెనక తెల్లటి నీడ రానంతలో అత్యధిక స్థాయి దగ్గర ఆపండి. ఎల్‌సీడీలలో చాలావాటికి అది మధ్య స్థాయి. ఇదే పరీక్షను రిఫ్రెష్ రేట్ 60కి తగ్గించి మళ్లీ చేయండి. కొన్ని మానిటర్లు పై వేగంలో బాగుండి, ఫ్రేమ్‌లు పడిపోయినప్పుడు తెల్ల నీడలు తెస్తాయి.

చివరిగా డ్రైవర్‌లో ఫ్రేమ్ రేట్‌కు ఒక పరిమితి పెట్టండి. మానిటర్ గరిష్ఠం కన్నా మూడు నాలుగు తక్కువ, అంటే 144కి 140 లేదా 141. ఫ్రేమ్‌లు ఆ గరిష్ఠాన్ని తాకితే వేరియబుల్ రిఫ్రెష్ పరిధి దాటిపోయి చీలికైనా వస్తుంది, వీ-సింక్ (స్క్రీన్ వేగానికి సరిపడేలా ఫ్రేమ్‌ను ఆపి పంపే సెట్టింగ్) వల్ల ఆలస్యమైనా వస్తుంది.